స్మాల్‌టాక్ కొంగుముళ్లు

స్మాల్‌టాక్ భాష 1972లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రమైన పార్క్‌లో పుట్టింది. అలన్ కే ఊహించిన భాషను డాన్ ఇంగాల్స్ ఆ ఏడాది అక్టోబరులో నడిపి చూపించారు. అది చేసిన తొలి లెక్క మూడుకు నాలుగు కూడటం. చాలా నెమ్మదిగానైనా జవాబు ఏడే వచ్చింది. ప్రోగ్రాం రాసేవారికి ఎప్పుడూ ఉండే బెడదలు రెండు: రాసినది ఎక్కడుందో వెతుక్కోవడం, రాయాల్సింది ఇంకా ఏం మిగిలిందో గుర్తుంచుకోవడం. ఈ రెంటికీ స్మాల్‌టాక్ ఒకే పనిముట్టుతో జవాబు చెప్పింది. ఆ భాష చరిత్రలో ఎక్కువగా చెప్పుకోని ఘనత ఇదే.

అప్పట్లో ప్రోగ్రాం అంటే ఫైళ్లలో దాచిన అక్షరాలు. యూనిక్స్‌లో వెతకడానికి కెన్ థాంప్సన్ రాసిన గ్రెప్ 1973లో వచ్చింది. అడిగిన మాట ఏ వరుసలో కనిపిస్తే ఆ వరుసను అది తీసి చూపిస్తుంది. ఆ మాట ప్రోగ్రాంలో చేస్తున్న పనేమిటో దానికి పట్టదు. స్మాల్‌టాక్‌లో ప్రోగ్రాం ఫైళ్లలో కాక ఇమేజ్ అనే ఒకే సజీవ స్మృతిలో ఉంటుంది. క్లాసులు, వాటిలోని మెథడ్లు, తెర మీది కిటికీలు, అన్నీ అందులో వస్తువులే. స్మాల్‌టాక్-76 కాలంలో లారీ టెస్లర్ ఆ ఇమేజ్‌లో తిరిగి చూడటానికి బ్రౌజర్‌ను తయారుచేశారు. వెబ్ పుట్టకముందే ఆ పేరు అక్కడ వాడుకలో ఉంది. పైన పక్కపక్కనే జాబితాల గళ్లు, కింద ఒక్క మెథడ్ పాఠం. వందల పుటల ప్రోగ్రాంలోనైనా ఒకసారికి చూడాల్సింది ఆ నాలుగు వరుసలే.

మరి రాసిన పాఠం ఎక్కడ ఉంటుంది? స్మాల్‌టాక్-80 దాన్ని రెండు ఫైళ్లకు అప్పగించింది. వ్యవస్థతో పాటు వచ్చిన పాఠమంతా సోర్సెస్ ఫైలులో ఉంటుంది, దాన్నెవరూ ముట్టుకోరు. ఆ తర్వాత చేసిన ప్రతి మార్పూ ఛేంజెస్ ఫైలు చివర చేరుతుంది. ఒక్కో తునక చివర ఆశ్చర్యార్థకం గుర్తు పడుతుంది. కొట్టు గుమాస్తా రాసే చిట్టా లాంటిది ఇది: జరిగింది జరిగినట్టు వరుసగా ఎక్కుతుంది, పాత పద్దు చెరగదు. ఇమేజ్‌ను భద్రపరచకముందే యంత్రం ఆగిపోయినా చేసిన పని ఆ చిట్టాలో నిలిచే ఉంటుంది. చివరి పద్దులు తెరిచి, కావలసినవి ఏరి, మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఒక మెథడ్ నిన్న ఎలా ఉండేదో, మొన్న ఎలా ఉండేదో చూపేదీ ఆ చిట్టాయే.

వెతుకులాటలో అసలు బలం సెండర్స్, ఇంప్లిమెంటర్స్ అనే రెండు ప్రశ్నలది. స్మాల్‌టాక్‌లో మెథడ్‌ను పిలవడమంటే సందేశం పంపడమే. ఒక సందేశాన్ని ఎవరు పంపుతున్నారన్నది మొదటిది, దాన్ని ఏ ఏ క్లాసులు అమలు చేస్తున్నాయన్నది రెండవది. కంపైలైన ప్రతి మెథడ్ తాను పంపే సందేశాల పేర్లను ఒక చిన్న పట్టీలో వెంట ఉంచుకుంటుంది. ఒక పేరుకు వ్యవస్థ మొత్తంలో ఒకే సింబల్ ఉంటుంది కాబట్టి అక్షరాలు పోల్చనక్కరలేదు, పట్టీలో ఉన్నది అదే వస్తువా కాదా అని చూస్తే చాలు. కూడిక గుర్తు లాంటి అతి తరచు సందేశాలను మాత్రం పట్టీలో రాయకుండా నేరుగా బైట్‌కోడ్‌లోనే, అంటే కంపైలైన ఆదేశాల్లోనే, ఇమిడ్చారు. వాటి కోసం బైట్‌కోడ్‌ను కూడా తడమాలి. పాఠం చదవకుండానే వేల మెథడ్లను క్షణాల్లో గాలించగలగడం ఆనాటి యంత్రాల మీద చిన్న సంగతి కాదు.

అయితే కంపైలైన మెథడ్‌లో వ్యాఖ్యలు మిగలవు. ‘ఇది తర్వాత చూడాలి’ అని వ్యాఖ్యగా రాసుకుంటే దాన్ని పట్టుకోవడానికి పాఠమంతా డిస్కు నుంచి చదవాల్సిందే. ఈ లోటు తీర్చినదే ఫ్లాగ్ అనే మెథడ్. ఆపిల్‌లో ఇంగాల్స్, కే, వారి సహచరులు స్మాల్‌టాక్-80 ఆధారంగా రూపొందించి 1996లో విడుదల చేసిన స్క్వీక్‌లో అది ఆబ్జెక్ట్ క్లాసులోనే ఉంది. అంటే ఏ వస్తువుకైనా ఆ సందేశం పంపవచ్చు. దాని లోపల ఒక వ్యాఖ్య తప్ప ఏమీ లేదు, పిలిస్తే ఏమీ చేయదు. వడ్డీ లెక్క రాస్తూ లీపు సంవత్సరం సంగతి తర్వాత చూద్దామనుకున్నవారు ‘సెల్ఫ్ ఫ్లాగ్: #లీపుసంవత్సరం’ అనే తీరులో ఒక వరుస పెడితే చాలు. ఆ సింబల్ మెథడ్ పట్టీలోకి చేరుతుంది. నెల తర్వాత ఆ సింబల్‌కు సెండర్స్ అడిగితే అలా గుర్తు పెట్టిన చోట్లన్నీ ఒకే కిటికీలో వరుస కడతాయి. మరిచిపోకుండా కొంగుకు వేసుకునే ముడి లాంటిదే ఇది. ముడి బట్టలోనే ఉన్నట్టు గుర్తు ప్రోగ్రాంలోనే ఉంటుంది. వేరే పుస్తకం, వేరే జాబితా అక్కర్లేదు.

మిగిలిన పనిని చెప్పే సందేశాలు ఇంకా ఉన్నాయి. సబ్‌క్లాస్ రెస్పాన్సిబిలిటీ అని ఉంటే ఆ పని కింది క్లాసు చేయాలని అర్థం. సరిచూసుకోవడానికి నడకను ఆపేలా పెట్టిన హాల్ట్ ఎక్కడైనా ఉండిపోయిందేమో విడుదలకు ముందు సెండర్స్ ద్వారానే చూసుకుంటారు. ఇంకా రాయని మెథడ్‌ను పిలిస్తే ప్రోగ్రాం కూలిపోదు. తప్పులు వెతికే డీబగ్గర్ తెరుచుకుంటుంది, మెథడ్‌ను అక్కడే సృష్టించమంటే ‘ఇది అమలు కావలసి ఉంది’ అనే సందేశంతో ఖాళీ చట్రం పుడుతుంది. దాన్ని నింపి, ఆగిన చోటు నుంచే నడక సాగించవచ్చు. ముందు పరీక్ష రాసి, అది విఫలమైన చోట పని మొదలుపెట్టే అలవాటును ప్రచారం చేసిన కెంట్ బెక్ ఈ వాతావరణంలోనే పెరిగారు. ఆయనతో టెక్‌ట్రానిక్స్‌లో స్మాల్‌టాక్ రాసిన వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో తొలి వికీని నిలబెట్టారు. అందులో ఇంకా రాయని పుట పేరు పక్కన ప్రశ్నార్థకం కనిపించేది, దాన్ని నొక్కితే పుట రాయవచ్చు. డీబగ్గర్‌లో పుట్టే ఖాళీ మెథడ్‌కూ దీనికీ పోలిక స్పష్టమే.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. సెండర్స్ పేరును మాత్రమే చూస్తుంది, సందేశం అందుకునేది ఎవరో చూడదు. చాలా క్లాసుల్లో ఉండే ‘వాల్యూ’ లాంటి పేరు అడిగితే జవాబుల వరద వస్తుంది. గుర్తుల పేర్లు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా పెట్టుకున్నా వెతుకులాట చెదిరిపోతుంది. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డాన్ రాబర్ట్స్, జాన్ బ్రాంట్ 1990లలో తయారుచేసిన రీఫ్యాక్టరింగ్ బ్రౌజర్ కొంత దారి చూపింది. అది పేరుతో పాటు కోడ్ ఆకృతిని బట్టి వెతకగలదు. దానితో వచ్చిన తనిఖీ సాధనం ఎక్కడా అమలు కాని సందేశాలను ముందే పట్టిస్తుంది.

స్క్వీక్‌లోని మెథడ్ ఫైండర్ ఇంకో అడుగు వేసింది. పేరు తెలియకపోయినా ఉదాహరణ ఇస్తే చాలు. మూడు, నాలుగు, ఏడు అని చుక్కలు పెట్టి రాస్తే మూడుకు నాలుగు ఇచ్చి ఏడు రాబట్టే సందేశాలను అది ప్రయోగించి చూసి, కూడికను ముందుంచుతుంది. ప్రమాదం లేనివని ముందే ఎంచిన సందేశాలనే అది ప్రయత్నిస్తుంది.

ఈ తీరు వెతుకులాట ఇతర భాషల సాధనాల్లోకీ చేరింది. ఒట్టావాలో స్మాల్‌టాక్ సాధనాలు చేసిన ఓటీఐ సంస్థను 1996లో ఐబీఎం కొన్నది. 2001లో బయటికి వచ్చిన, ప్రోగ్రాంలు రాసే సాధనమైన ఎక్లిప్స్‌ను మలచడంలో ఆ బృందం ముఖ్యపాత్ర వహించింది. జావా రాసేవారికి పేరు ఎక్కడెక్కడ వాడారో చూపే వెతుకులాట, వ్యాఖ్యల్లోని ‘టుడూ’ గుర్తులను పోగుచేసే పనుల పట్టిక దానిలో దొరికాయి. అక్కడ గుర్తు మళ్లీ వ్యాఖ్యలోకే వెళ్లింది. 2008లో స్క్వీక్ నుంచి విడివడిన ఫారో మాత్రం పాత దారినే ఉంచుకుంది. అందులోనూ ఫ్లాగ్ ఆబ్జెక్ట్ క్లాసులోనే, ఏమీ చేయని మెథడ్‌గానే ఉంది.