ఐదు సినిమాల్లో రాయలు, మన రాయచూరు కోట

ఈ ఏడాది పత్రిక కోసం మా సోషల్ మాస్టారు "నాకు నచ్చిన చారిత్రక పురుషుడు" అనే అంశం ఇచ్చారు. నేను శ్రీకృష్ణదేవరాయలు అన్నాను. "ఆయన ఎలా ఉండేవాడు?" అని అడిగారు. "ఎన్టీఆర్ లాగా సార్" అనేశాను. క్లాసంతా ఒకటే నవ్వు. మాస్టారు నవ్వలేదు. "మనలో చాలామందికి రాయల్ని చూపించింది సినిమాయే. ఆ సినిమాలు చూసి, చరిత్ర ఎంతో కల్పన ఎంతో నువ్వే రాసుకురా" అన్నారు.

దసరా సెలవుల్లో తాతయ్య పక్కన కూర్చుని రోజుకొకటి చొప్పున ఐదు సినిమాలు చూశాను. తుంగభద్ర కాలువ నీళ్లు వచ్చాక గుంటూరు జిల్లా నుంచి సింధనూరు దగ్గర క్యాంపుకు వచ్చిన కుటుంబం మాది. తాతయ్యకు పాత సినిమాలంటే ప్రాణం.

మొదట బి.ఎన్.రెడ్డి గారి "మల్లీశ్వరి" (1951). ఇది ప్రేమకథ. మారువేషంలో వచ్చిన రాయలు మల్లీశ్వరి నాట్యం చూస్తాడు. తర్వాత పల్లకీ వచ్చి ఆమెను రాణివాసానికి తీసుకుపోతుంది. ఊరంతా అదృష్టం అనుకుంటుంది గానీ నాగరాజు బతుకు చితికిపోతుంది. ఇందులో ఎన్టీఆర్ రాజు కాదు, రాయి చెక్కే నాగరాజు! నాకు బాగా నచ్చింది ఇదే. రాజు ఎంత మంచివాడైనా, ఆయన దయ కూడా పేదవాళ్లకు కష్టం తేగలదని ఈ కథ చెబుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేళ్లకు తీసిన సినిమా కదా, అందుకే రాజు కన్నా మామూలు మనుషులే ఇందులో పెద్దగా కనిపించారేమో అనిపించింది.

రెండోది "తెనాలి రామకృష్ణ" (1956), బి.ఎస్.రంగా తీసినది. అక్కినేని రామకృష్ణుడు, ఎన్టీఆర్ రాయలు. హాస్యం చాలా బాగుంది. ఆ రోజు మా పక్కింటి స్నేహితురాలు కూడా వచ్చింది. వాళ్లు ముస్లింలు. సుల్తానులు కృష్ణసాని అనే గూఢచారిణిని పంపే కథ నడుస్తుంటే తను నవ్వడం మానేసింది. "అప్పుడు రాయచూరులో ఉన్న మావాళ్లందరూ ఇలాంటివాళ్లేనా?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. ఆ ప్రశ్న నా నోట్సులో రాసుకున్నాను.

మూడోది "మహామంత్రి తిమ్మరుసు" (1962). కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. తిమ్మరుసుగా గుమ్మడి నటన చూసి తాతయ్య కళ్లు తుడుచుకున్నారు. తండ్రిలా పెంచిన మంత్రి కళ్లనే రాయలు తీయించడం ఇందులో విషాదం. ఇది ఉత్త కల్పన కాదు. రాయలు పోయిన కొన్నేళ్లకు విజయనగరంలో ఉన్న న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఈ సంగతి రాశాడు. సినిమా మాత్రం కుట్రదారుల వల్ల రాయలు పొరపడినట్టు చూపి, ఆయన తప్పును కొంత తగ్గించింది.

నాలుగోది కన్నడ "శ్రీ కృష్ణదేవరాయ" (1970). బి.ఆర్.పంతులు దర్శకత్వం, రాజ్‌కుమార్ రాయలు. ఇది చూడ్డానికి పక్క వీధి అజ్జ వచ్చి "నమ్మ రాయరు" అన్నారు. "ఆముక్తమాల్యద తెలుగులో రాశాడు, మావాడే" అని తాతయ్య. కాసేపు వాదన! మాస్టారిని అడిగితే ఇద్దరిదీ నిజమే అన్నారు. తెలుగులో కావ్యం రాసిన ఆ రాజుకే "కన్నడ రాజ్య రమారమణ" అన్న బిరుదు కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడ మాట్లాడే మనకు ఇది అర్థం కావడం కష్టం కాదు.

చివరిది "ఆదిత్య 369" (1991), సింగీతం శ్రీనివాసరావు గారిది. కాలయంత్రం ఎక్కి 1526 నాటి విజయనగరానికి వెళతారు. బాలకృష్ణ రెండు పాత్రలు వేశారు, అందులో ఒకటి రాయలు. మా తమ్ముడికి ఇదే ఫస్ట్. నాకు మాత్రం ఒక్కటే బాధ. ఆ యంత్రం ఇంకో ఆరేళ్లు వెనక్కి పోయి ఉంటే మన రాయచూరు యుద్ధంలో దిగేది!

1520లో రాయలు బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షాతో పోరాడి గెలిచింది ఈ కోట కోసమే. కృష్ణా తుంగభద్రల నడుమ భూమి కోసం రెండు రాజ్యాలు తరతరాలుగా కొట్లాడుకున్నాయి. రాయల కాల్బలం ఏడు లక్షలకు పైనే అని న్యూనిజ్ రాశాడు గానీ, అంత సంఖ్యను చరిత్రకారులు నమ్మరు. కోట ముట్టడిలో పోర్చుగీసు తుపాకీవాళ్లు రాయలకు సాయపడ్డారు. నా స్నేహితురాలి ప్రశ్నకు జవాబు కూడా న్యూనిజ్ రాతల్లోనే దొరికింది. కోట గెలిచాక రాయలు పట్టణ ప్రజలకు అభయమిచ్చి, వాళ్ల ఆస్తులు ముట్టవద్దని సైన్యాన్ని ఆజ్ఞాపించాడట. రాయల సైన్యంలో ముస్లింలు కూడా ఉండేవారు. ఇది చెబితే తను, "మరి సినిమాలో ఇది ఎందుకు పెట్టలేదు?" అంది.

సెలవులు అయ్యాక కోటకు వెళ్లాం. 1294లో కట్టిన గోడలో దాదాపు 41 అడుగుల పొడవున్న ఒకే రాయి ఉంది. దాన్ని బండి మీద లాక్కొచ్చిన బొమ్మ కూడా అక్కడే చెక్కారు. ఆ రాయిని లాగినవాళ్ల పేర్లు ఏ సినిమాలోనూ లేవు. నాగరాజు లాంటివాళ్లే కదా అనుకున్నాను.

ఇక మాస్టారి మొదటి ప్రశ్న. రాయల్ని కళ్లారా చూసిన పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఇలా రాశాడు: మధ్యరకం ఎత్తు, మంచి ఛాయ, కొంచెం లావు, ముఖం మీద మశూచి మచ్చలు. ఎన్టీఆర్ లాగా కాదన్నమాట! అయినా నాకు ఆ మచ్చల రాయలే దగ్గరివాడిగా అనిపించాడు.

మిత్రులారా, చారిత్రక సినిమా చూసేటప్పుడు రెండు తేదీలు రాసుకోండి. ఒకటి కథ జరిగిన కాలం, రెండోది సినిమా తీసిన సంవత్సరం. రాయలు ఒక్కడే అయినా, తీసినవాళ్ల కాలాన్ని బట్టి ఐదు రకాలుగా కనిపించాడు. సినిమాను ఆనందంగా చూద్దాం. పక్కన కూర్చున్న స్నేహితులు ఎక్కడ నవ్వడం మానేశారో కూడా గమనిద్దాం. నేను చరిత్ర పుస్తకం తెరిచింది అక్కడి నుంచే.