డెస్టినేషన్ వెడ్డింగ్: మధ్యధరా తీరంలో పెళ్లి ఏ నెలలో పెట్టుకోవాలి? ఎండ, వాన, గాలి, ముహూర్తం.. అన్నీ చూసుకోండి

ఇటలీ కొండ మీద విల్లా, గ్రీస్‌లో తెల్లటి ఇళ్ల మధ్య సన్‌సెట్, వెనకాల నీలం సముద్రం. ఇన్‌స్టా రీల్స్ చూసి చాలామంది ముందు వెన్యూ ఫిక్స్ చేసేస్తున్నారు. డేట్ తర్వాత చూద్దాంలే అనుకుంటున్నారు. అసలు చిక్కు అక్కడే వస్తోంది. మే నెలలో స్వర్గంలా ఉండే అదే విల్లా ఆగస్టు మధ్యాహ్నం పెనంలా కాలిపోతుంది. నవంబర్‌లో అయితే సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది. పైగా తెలుగు పెళ్లి అంటే ముహూర్తం లేకుండా కుదరదు.

సింపుల్‌గా చెప్పాలంటే వాతావరణం పరంగా బెస్ట్ టైమ్ రెండే. ఒకటి మే రెండో వారం నుంచి జూన్ మధ్య వరకు. రెండోది సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మొదటి వారం వరకు. అయితే ఈ రెండు కిటికీలూ మన పంచాంగంతో ప్రతి ఏడాదీ కలవవు.

అక్కడి వాతావరణం ఎలా ఉంటుందంటే..

మనకు వేసవి తర్వాత వర్షాకాలం వస్తుంది. మధ్యధరా ప్రాంతంలో లెక్క వేరు. వేసవిలో వాన చుక్క పడదు, చలికాలంలోనే వానలు. ఇటలీ, గ్రీస్, స్పెయిన్ తీరం, దక్షిణ ఫ్రాన్స్, సైప్రస్, మాల్టా.. అన్నిచోట్లా కాస్త అటూ ఇటూగా ఇదే పద్ధతి. అందుకే జూన్ నుంచి ఆగస్టు దాకా ఆరుబయట పెళ్లికి వాన భయం తక్కువ. అక్టోబర్ దాటితే ఆ భరోసా ఉండదు. రోమ్, నేపుల్స్ వైపు ఏడాదిలో ఎక్కువ వాన పడే నెలల్లో నవంబర్ ఒకటి.

ఇంకో ముఖ్యమైన విషయం. సముద్రం నేల కంటే నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. మేలో బయట ఎండ బాగానే ఉన్నా గ్రీస్ తీరంలో నీళ్లు 19 డిగ్రీల దగ్గరే ఉంటాయి, దిగితే వణుకే. సెప్టెంబర్‌లో అవే నీళ్లు సుమారు 24 డిగ్రీలు. హల్దీ తర్వాత అందరూ బీచ్‌లో దిగాలి, బోట్ పార్టీ చేయాలి అనుకునేవాళ్లు మే కంటే సెప్టెంబర్ వైపు చూడటం మంచిది.

జులై, ఆగస్టు: ఫొటోలు బాగుంటాయి, మనుషులే ఇబ్బంది పడతారు

"హైదరాబాద్‌లో 42 డిగ్రీలు చూశాం, 34 ఎంత?" అని తేలిగ్గా తీసుకోవద్దు. ఏథెన్స్‌లో జులై, ఆగస్టు నెలల్లో సగటు పగటి ఉష్ణోగ్రతే 33, 34 డిగ్రీలు. వడగాలులు వస్తే 40 దాటుతుంది. సిసిలీ దీవిలో 2021 ఆగస్టు 11న 48.8 డిగ్రీలు నమోదైంది. యూరప్ ఖండానికి అదే రికార్డు అని ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది. ఏథెన్స్ అక్రోపోలిస్‌ను ఎండల కారణంగా 2023, 2024, 2025 వేసవుల్లో మధ్యాహ్నం పూట మూసేయాల్సి వచ్చింది.

మన ఫంక్షన్ హాల్‌లో అయితే ఏసీ ఉంటుంది. అక్కడి పాత రాతి విల్లాల్లో చాలావాటిలో గదులకు ఏసీ ఉన్నా పెళ్లి జరిగేది ఆరుబయట తోటలో, టెర్రస్ మీద. వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. అంటే కంచిపట్టు చీర, నగలు, పూలజడతో పెళ్లికూతురు, షేర్వానీలో పెళ్లికొడుకు, బీపీ మాత్రలు వేసుకునే తాతయ్య, అమ్మమ్మ అందరూ గంటల తరబడి ఎండలోనే. పెద్దవాళ్లకు ఇది నిజంగా ప్రమాదం. జులై, ఆగస్టే తప్పదంటే తంతు మొత్తం సాయంత్రం ఏడు తర్వాతకు మార్చుకోవాలి.

కార్చిచ్చులు మరో సమస్య. 2023 జులైలో గ్రీస్‌లోని రోడ్స్ దీవిలో మంటలు చెలరేగి దాదాపు 19 వేల మందిని ఖాళీ చేయించారు. వాళ్లలో ఎక్కువ మంది హాలిడేకి వచ్చిన టూరిస్టులే.

ఏజియన్ సముద్రంలోని దీవుల్లో గాలి కూడా చూసుకోవాలి. సాంటోరిని, మికోనోస్ వైపు జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి 'మెల్తెమీ' అనే బలమైన గాలి రోజుల తరబడి వీస్తుంది. దానివల్ల ఎండ తెలియదు నిజమే, కానీ మండపం పూలు, తెరలు నిలవవు. మైక్‌లో మంత్రాల కంటే గాలి హోరే ఎక్కువ వినిపిస్తుంది. గాలి మరీ ఎక్కువైతే ఫెర్రీలు ఆపేస్తారు, డెకరేషన్ సామాను ఏథెన్స్ పోర్టులోనే ఉండిపోవచ్చు.

ఇక ఆగస్టు 15. మనకు స్వాతంత్ర్య దినోత్సవం, ఇటలీలో 'ఫెర్రగోస్తో' సెలవు, గ్రీస్‌లో పెద్ద పండుగ. ఆ వారం అటూ ఇటూ స్థానికులంతా తీరానికే వస్తారు. హోటల్ రేట్లు టాప్‌లో ఉంటాయి, నగరాల్లో చిన్న చిన్న షాపులు మూసి ఉంటాయి.

మే, జూన్: అందరూ అడిగేది ఇదే

మేలో ఏథెన్స్, రోమ్ పగటి ఉష్ణోగ్రత 23 నుంచి 26 డిగ్రీల మధ్య. కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి, పూలు విరగబూస్తాయి. పియోనీ పూల డెకరేషన్ కావాలంటే సీజన్ ఇదే. ప్రొవెన్స్‌లో లావెండర్ తోటల ముందు ఫొటోలు కావాలంటే మాత్రం జూన్ చివరి దాకా ఆగాలి, మేలో వెళ్తే పచ్చటి పొదలే కనిపిస్తాయి.

గెస్టుల పరంగా కూడా మే మనకు కలిసొస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం వరకు స్కూళ్లకు సెలవులు. అమెరికాలో ఉన్న బంధువులకు మాత్రం మే చివరి నుంచి జూన్ మధ్యలోగా సెలవులు మొదలవుతాయి. రెండు వైపుల పిల్లలూ రావాలంటే జూన్ మొదటి పది రోజులు నడిమధ్య దారి.

జాగ్రత్తలూ ఉన్నాయి. దక్షిణ ఫ్రాన్స్‌లో మేలో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్ జరుగుతుంది. ఆ రోజుల్లో అక్కడ గది దొరకడమే గొప్ప. గ్రీస్‌లో ఆర్థడాక్స్ ఈస్టర్ డేట్ చూసుకోవాలి, అది మారుతూ ఉంటుంది. 2026లో ఏప్రిల్ 12, 2027లో మే 2.

సెప్టెంబర్, అక్టోబర్: అసలు సిసలు సీజన్, కానీ..

వెడ్డింగ్ ప్లానర్లలో చాలామంది ఓటు సెప్టెంబర్‌కే. ఎండ తగ్గుతుంది, సముద్రం వెచ్చగా ఉంటుంది, జనం పలచబడతారు. టస్కనీలో ద్రాక్ష కోతల కాలం ఇదే, తోటలు నిండుగా ఉంటాయి. వైన్ ఎస్టేట్‌లో పెళ్లి అనుకుంటే వాళ్లు కోతల పనిలో ఉంటారు కాబట్టి ఆ తేదీల్లో ఇస్తారో లేదో ముందే అడగాలి.

రిస్క్ లేదని కాదు. వేసవంతా వేడెక్కిన సముద్రం మీదకు చల్లగాలి వస్తే ఒక్కసారిగా కుండపోత కురుస్తుంది. 2023 సెప్టెంబర్‌లో డేనియల్ తుఫాను గ్రీస్‌లోని థెస్సలీని ముంచేసింది. 2024 అక్టోబర్ 29న స్పెయిన్‌లోని వాలెన్సియా వరదల్లో 200 మందికి పైగా చనిపోయారు. సెప్టెంబర్ మొదటి సగానికి, అక్టోబర్ చివరి సగానికి చాలా తేడా ఉందని గుర్తుపెట్టుకోవాలి. అక్టోబరే కావాలంటే క్రీట్, సైప్రస్, మాల్టా, సిసిలీ లాంటి దక్షిణ ప్రాంతాలు చూసుకుంటే వెచ్చదనం ఇంకొన్నాళ్లు ఉంటుంది.

నవంబర్ నుంచి మార్చి: సెలబ్రిటీలు చేసుకున్నారు కదా?

వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠి పెళ్లి 2023 నవంబర్ 1న టస్కనీలో జరిగింది. తెలుగువాళ్లలో ఇటలీ వెడ్డింగ్ క్రేజ్ పెరగడానికి అదో కారణం. ఆ మరుసటి రోజు, నవంబర్ 2 రాత్రి, అదే టస్కనీలో ఫ్లోరెన్స్, ప్రాటో వైపు సియారన్ తుఫాను వరదలు తెచ్చింది, ప్రాణనష్టం కూడా జరిగింది. ఒక్క రోజు తేడా! విరాట్ కోహ్లీ, అనుష్క శర్మల పెళ్లి 2017 డిసెంబర్ 11న టస్కనీలోనే. దీపికా, రణ్‌వీర్ 2018 నవంబర్‌లో లేక్ కోమో దగ్గర చేసుకున్నారు. అది సముద్ర తీరం కాదు, ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర సరస్సు.

వీళ్లలా తక్కువ మంది గెస్టులతో, పెద్ద ఎస్టేట్ మొత్తం బుక్ చేసుకుని, లోపల కూడా తంతు జరిపే వసతి ఉంటే చలికాలం మంచి ఆప్షనే. రేట్లు తగ్గుతాయి, జనం ఉండరు. గ్రీస్ దీవులు మాత్రం వద్దు. సాంటోరిని, మికోనోస్‌లో నవంబర్ నుంచి మార్చి దాకా చాలా హోటళ్లు మూసేస్తారు, ఫెర్రీలూ తగ్గిపోతాయి. వెనిస్ అనుకుంటే అక్టోబర్ నుంచి జనవరి వరకు పోటు నీళ్లు వీధుల్లోకి వచ్చే కాలం. 2019 నవంబర్ 12న నీటిమట్టం 187 సెంటీమీటర్లకు చేరింది. ఇప్పుడు సముద్రం వైపు గేట్లు పెట్టారు కాబట్టి ఇబ్బంది చాలా తగ్గింది.

మరి ముహూర్తం సంగతేంటి?

ప్లానర్లు చెప్పే 'బెస్ట్ మంత్' లిస్టులో ఇది ఉండదు. ఆషాఢంలో మనవాళ్లు పెళ్లిళ్లు చేయరు. భాద్రపదంలోనూ, పుష్యంలోనూ సాధారణంగా ముహూర్తాలు పెట్టరు. గురు మౌఢ్యమి, శుక్ర మౌఢ్యమి వస్తే ఆ రోజులూ పోతాయి. ఎంతో ఇష్టపడే సెప్టెంబర్‌లో పెద్ద భాగం భాద్రపదంలోకే వెళ్తుంది.

2026నే చూడండి. మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. అంటే వాతావరణం బాగుండే నెల రోజులు ముహూర్తాల్లేకుండా పోతాయి. శ్రావణం ఆగస్టు 13న మొదలై సెప్టెంబర్ 11తో ముగుస్తుంది. సెప్టెంబర్ 12 నుంచి అక్టోబర్ 10 దాకా భాద్రపదం. కాబట్టి శ్రావణం చివర్లో దొరికితే దొరకాలి, లేదా అక్టోబర్ రెండో వారం తర్వాత దక్షిణ దీవులు చూసుకోవాలి. 2027లో పరిస్థితి నయం. మే రెండో వారం నుంచి జూన్ మొదటి వారం వరకు వైశాఖం ఉంటుంది, సెప్టెంబర్ మాత్రం దాదాపు మొత్తం భాద్రపదమే.

ముహూర్తం విషయంలో ఇంకో మాట. హైదరాబాద్ టైమ్‌కి లెక్కేసిన లగ్నాన్ని ఇటలీ టైమ్‌లోకి మార్చేస్తే సరిపోదు. సూర్యోదయం, లగ్నం ఊరిని బట్టి మారతాయి. పెళ్లి జరిగే ఊరి అక్షాంశ రేఖాంశాలు పురోహితుడికి ఇచ్చి, అక్కడికే లెక్క కట్టించుకోవాలి.

సూర్యాస్తమయం టైమ్ కూడా ముఖ్యమే. రోమ్‌లో జూన్ మూడో వారంలో రాత్రి 8.45 ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు. సెప్టెంబర్ మధ్యలో 7.20. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి నవంబర్ 1కి సాయంత్రం 5.05కే పొద్దు గూకుతుంది. జూన్‌లో గోధూళి వేళ తాళి కడితే మనకు రాత్రి 12 దాటుతుంది. లైవ్‌లో చూడాల్సిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆలోచించుకోండి. ఇటలీ మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. గ్రీస్‌తో తేడా ఒక గంట తక్కువ.

హోమానికి పర్మిషన్

ఎండాకాలంలో ఇటలీ, గ్రీస్, ఫ్రాన్స్‌లలో చాలాచోట్ల ఆరుబయట నిప్పు పెట్టడంపై ఆంక్షలు ఉంటాయి. చిన్న హోమగుండం అయినా వెన్యూ వాళ్లతో, వాళ్ల ద్వారా స్థానిక అధికారులతో ముందే మాట్లాడుకోవాలి. కాంట్రాక్ట్‌లో రాయించుకుంటే ఇంకా మంచిది. బాణాసంచా ఆలోచన వేసవిలో మానుకోవాలి. 2024 జూన్‌లో గ్రీస్‌లోని హైడ్రా దీవిలో ఓ యాచ్ నుంచి కాల్చిన బాణాసంచా వల్ల పైన్ అడవి అంటుకుందన్న కేసులో యాచ్ సిబ్బందిని అరెస్టు చేశారు.

డేట్ పెట్టేముందు వీసా లెక్క

షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్ని కేసుల్లో 45 రోజుల దాకా పడుతుంది. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు కూడా ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వస్తే ఈ వీసా తీసుకోవాల్సిందే, చాలామంది ఇక్కడే పొరబడతారు. జూన్ పెళ్లి అంటే అందరూ సమ్మర్ టూర్లకు అప్లై చేసే రోజుల్లోనే మీ 80 మంది గెస్టులకూ స్లాట్లు కావాలి. గెస్ట్ లిస్ట్ డిసెంబర్‌లోనే ఫైనల్ చేసి పాస్‌పోర్ట్ గడువులు చెక్ చేయించాలి. సెప్టెంబర్, అక్టోబర్ పెళ్లికి ఈ ఒత్తిడి కాస్త తక్కువ.

చట్టపరమైన రిజిస్ట్రేషన్ అక్కడే చేయించాలని పట్టు పట్టొద్దు. ఫ్రాన్స్‌లో అయితే వధూవరుల్లో ఒకరికో, వాళ్ల తల్లిదండ్రులకో ఆ ఊళ్లో నివాసం ఉండాలన్న రూల్ ఉంది. అందుకే చాలా కుటుంబాలు రిజిస్ట్రేషన్ ఇంటి దగ్గర పూర్తి చేసి, తంతు మాత్రం అక్కడ జరుపుకుంటున్నాయి.

వెన్యూ వాళ్లకు అడ్వాన్స్ కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: వాన పడితే, ఎండ 38 దాటితే మా గెస్టులందరూ కూర్చునే హాల్ ఏది? ఫొటో పంపమనండి. టెంట్ వేస్తామంటే దానికి అదనంగా ఎంత, ఎన్ని గంటల ముందు చెప్పాలి అన్నది కూడా రాతపూర్వకంగా తీసుకోండి.