పార్లమెంటులో ఆరోగ్య మంత్రి జవాబు.. మూడు జిల్లాలకు చేరేదెంత?

గద్వాల/వనపర్తి/నాగర్‌కర్నూల్‌: పార్లమెంటు సమావేశాలు సాగినన్నాళ్లూ జాతీయ ఆరోగ్య విధానంపై కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి ఇచ్చే సమాధానాలు పత్రికలలో వస్తూనే ఉంటాయి. ఇన్ని కోట్ల కార్డులు, ఇన్ని వేల వైద్య సీట్లు అంటూ అంకెలు ఏకరువు పెడతారు. నల్లమల చెంచు పెంటలోనో, నడిగడ్డ పల్లెలోనో ఉన్న మనిషికి అందులో తనకు చెందినదేదో, చెందనిదేదో అంత సులభంగా బోధపడదు. ఆసుపత్రిలో డాక్టరు లేకపోతే అడగవలసినది ఢిల్లీనా, హైదరాబాదునా అన్న సందేహానికి జవాబు మాత్రం ఆ సమాధానాలలోనే ఉంటుంది.

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబర్‌ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్‌ నుండి ఏర్పడ్డాయి. వీటిలో అత్యధిక భాగం నాగర్‌కర్నూల్‌ లోక్‌సభ నియోజకవర్గం పరిధిలోనిదే. గద్వాల, అలంపూర్‌, వనపర్తి, నాగర్‌కర్నూల్‌, కొల్లాపూర్‌, అచ్చంపేట, కల్వకుర్తి శాసనసభ స్థానాలు ఇందులో ఉన్నాయి. కొత్తకోట, ఆత్మకూరు వైపు ప్రాంతాలు మాత్రం మహబూబ్‌నగర్‌ లోక్‌సభ స్థానం కిందకు వస్తాయి. నాగర్‌కర్నూల్‌ నుండి 1996 మొదలు నాలుగు పర్యాయాలు గెలిచిన మంద జగన్నాథం స్వయంగా వైద్యులు. 2014లో నంది ఎల్లయ్య, 2019లో పోతుగంటి రాములు, 2024లో మల్లు రవి ఇక్కడి నుండి ఎన్నికయ్యారు. ఏ పార్టీ సభ్యుడు ఉన్నా ఆరోగ్య మంత్రిని ప్రశ్నించే పద్ధతి ఒక్కటే.

ప్రశ్న ఎలా వెళ్తుంది?

సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నక్షత్రపు గుర్తు వేసిన ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వక సమాధానం సభ ముందుంచుతారు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రపు గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేనివి తీసుకుంటారు. ఏవి జాబితాకెక్కాలన్నది లాటరీలో తేలుతుంది. ప్రశ్నోత్తరాల గంటలో ఆ ఇరవైలో అయిదారు దాకా రావడమే గగనం. కనుక మన జిల్లాలకు పనికివచ్చే సమాచారమంతా లిఖితపూర్వక సమాధానాలలోనే, అందులోనూ వాటి చివర జతచేసే పట్టికలలోనే దొరుకుతుంది. టీవీలో కనిపించే వాగ్వాదాల కంటే ఆ పట్టికలే విలువైనవి. కోవిడ్‌ కారణంగా 2020 సెప్టెంబర్‌ సమావేశాలలో ప్రశ్నోత్తరాల గంటనే రద్దు చేశారు. ఆ విడత లిఖితపూర్వక జవాబులే మిగిలాయి.

మంత్రి సమాధానం తరచుగా ఒకే వాక్యంతో ఆరంభమవుతుంది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల పరిధిలోని అంశాలు అన్నదే ఆ వాక్యం. ఇది తప్పించుకునే మాట అని కొట్టివేయడానికి లేదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో ఆరవ అంశం అదే. వైద్య విద్య, కుటుంబ నియంత్రణ మాత్రం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. అయితే నిజమైన మాటను కూడా అడ్డుగోడగా వాడుకోవచ్చుననడానికి పెద్ద ఉదాహరణ 2021లోనే కనిపించింది.

పుల్లూరు వద్ద ఆగిన అంబులెన్సులు

కోవిడ్‌ రెండవ దశ ఉధృతంగా ఉన్న 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌ నుండి హైదరాబాదుకు రోగులతో వస్తున్న అంబులెన్సులను జోగులాంబ గద్వాల జిల్లా అలంపూర్‌ ప్రాంతంలోని పుల్లూరు టోల్‌ప్లాజా వద్ద తెలంగాణ పోలీసులు ఆపివేశారు. హైదరాబాదు ఆసుపత్రిలో పడక ముందుగా ఖరారైతేనే, అనుమతి పత్రం ఉంటేనే రానిస్తామన్నది ప్రభుత్వ ఉత్తర్వు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. నడిగడ్డ వాసులకు ఇది చూసి ఊరుకునే విషయం కాదు. గద్వాల నుండి కర్నూలు సుమారు 60 కిలోమీటర్లు, హైదరాబాద్‌ దాదాపు 190 కిలోమీటర్లు. పెద్ద జబ్బు చేస్తే తుంగభద్ర దాటి కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లడం దశాబ్దాలుగా ఇక్కడి అలవాటు. 2014 తరువాత ఆ ఆసుపత్రి మరో రాష్ట్రంలోకి పోయింది. ఈ దారిలో గేటు పడితే రెండు వైపులవారికీ కష్టమే.

అదే ఏడాది జులై 20న రాజ్యసభలో ఆక్సిజన్‌ కొరతతో మరణించినవారి గురించి ప్రశ్న వచ్చింది. కేంద్ర సహాయ మంత్రి భారతీ ప్రవీణ్‌ పవార్‌ లిఖితపూర్వకంగా జవాబిచ్చారు. ఆరోగ్యం రాష్ట్రాల అంశమని, మరణాల వివరాలు రాష్ట్రాలే పంపుతాయని, ఆక్సిజన్‌ కొరత వల్లనే జరిగిన మరణాలంటూ ప్రత్యేకంగా ఏ రాష్ట్రమూ నివేదించలేదని దాని సారాంశం. దేశమంతా దుమారం లేచింది. సమాధానంలోని అక్షరాలను జాగ్రత్తగా చదివితే మరణాలు జరగలేదని అందులో ఎక్కడా లేదు, రాష్ట్రాలు రాసి పంపలేదని మాత్రమే ఉంది. రాష్ట్రాలు పంపనిది కేంద్రం లెక్కించదు. కేంద్రం లెక్కించనిది పార్లమెంటు రికార్డుకెక్కదు. జిల్లా ఆసుపత్రి రిజిస్టరులో ఏమి రాశారన్నదే చివరకు ఢిల్లీ జవాబును నిర్ణయిస్తుంది. మంత్రి మాట కంటే మన ఆసుపత్రి లెక్కలపై నిఘా ఎక్కువ అవసరమని చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు.

జాతీయ సగటుల మాయ

వైద్యుల కొరతపై అడిగినప్పుడు దేశంలో 836 మందికి ఒక వైద్యుడున్నాడని మంత్రిత్వ శాఖ 2024లో తెలిపింది. 2025 నాటికి ఆ సంఖ్య 811 అయింది. వెయ్యి మందికి ఒకరు అన్న ప్రమాణం కంటే ఇది మెరుగే. అయితే ఈ లెక్కలో ఆయుర్వేదం, హోమియో, యునాని వంటి ఆయుష్‌ వైద్యులు కూడా కలిసి ఉన్నారు. నమోదైన వారిలో 80 శాతం మంది అందుబాటులో ఉన్నారని అనుకుని వేసిన గుణింతం ఇది. బంజారాహిల్స్‌లోని డాక్టరును, గట్టు మండలంలో లేని డాక్టరును కలిపి సగటు తీస్తే ఎవరికి ఉపయోగం?

జాతీయ ఆరోగ్య విధానం విషయమూ ఇంతే. 1983, 2002, 2017 సంవత్సరాలలో మూడు విధానాలు వచ్చాయి. ప్రభుత్వ వైద్య వ్యయాన్ని 2010 నాటికి జాతీయోత్పత్తిలో 2 శాతానికి చేర్చాలని రెండవది చెప్పగా, 2025 నాటికి 2.5 శాతానికి చేర్చాలని మూడవది చెప్పింది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం కేంద్ర, రాష్ట్రాల వ్యయం కలిపి 2021-22లో 1.84 శాతం. కోవిడ్‌ ఖర్చులు పెరిగిన ఏడాది మాట ఇది. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా వైద్యానికి కేటాయించాలని 2017 విధానంలోనే ఉన్నది. దీనిపై సభలో అడిగితే కేటాయింపులు పెరిగాయన్న జవాబు వస్తుంది, లక్ష్యానికి ఎంత దూరమన్నది పాఠకుడే లెక్కవేసుకోవాలి.

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్‌: వలస కూలీ లెక్క

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌ 1న తొలుత ప్రారంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్‌ ఒకటి, మిగిలినవి అనంతపురం, శ్రీకాకుళం. కార్డుతో ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్‌ చేయించుకోవడం ఈ ప్రాంతానికి అప్పటి నుండే తెలుసు. 2018 సెప్టెంబర్‌ 23న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల పరిమితితో ఆయుష్మాన్‌ భారత్‌ను కేంద్రం ప్రారంభించింది. తెలంగాణ మొదట చేరలేదు. ఆరోగ్యశ్రీ పరిధిలోకి అంతకంటే ఎక్కువ కుటుంబాలు వస్తాయన్నది అప్పటి రాష్ట్ర ప్రభుత్వ వాదన. మూడేళ్లపాటు కేంద్ర మంత్రుల సమాధానాలలో పథకం అమలు చేయని రాష్ట్రాల వరుసన తెలంగాణ పేరు కనిపించింది. 2021 మే నెలలో, పుల్లూరు గొడవ జరిగిన ఆ నెలలోనే, రాష్ట్రం ఒప్పందం చేసుకున్నది. 2023 డిసెంబర్‌ 9 నుండి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలయింది. 70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్‌ వర్తింపు 2024 అక్టోబర్‌ 29న ఆరంభమైంది.

రాష్ట్రం వాదనలో బలం లేకపోలేదు. అయితే పాలమూరు కూలీ ఇంటి పట్టున ఉండడు. ముంబై, పుణె, బెంగళూరు పనులకు వెళ్తాడు. ఆయుష్మాన్‌ కార్డు పథకం అమలవుతున్న ఏ రాష్ట్రంలోనైనా, జాబితాలోని ఆసుపత్రిలో చెల్లాలన్నది కేంద్ర నియమం. ఇక్కడే మెలిక ఉన్నది. ఆయుష్మాన్‌కు 2011 సామాజిక ఆర్థిక సర్వే ఆధారం, ఆరోగ్యశ్రీకి ఆహార భద్రత కార్డు ఆధారం. ఒక జాబితాలో ఉన్న కుటుంబం రెండవదానిలో ఉండాలని లేదు. పుణెలో పరంజా మీది నుండి పడిన కూలీకి చేతిలో ఉన్నది ఏ కార్డన్నదే ప్రాణావసరం. ఇతర రాష్ట్రాలలో చికిత్స పొందిన తెలంగాణవారు ఎందరు, మన మూడు జిల్లాలవారు ఎందరు అన్న ప్రశ్నను కేంద్రం రాష్ట్రం పైకి నెట్టలేదు.

వైద్య కళాశాలల విషయానికొస్తే, జిల్లా ఆసుపత్రులకు అనుబంధంగా మూడు దశలలో కేంద్రం మంజూరు చేసిన 157 కళాశాలలలో తెలంగాణకు ఒక్కటీ లేదు. ప్రతిపాదనలు రాలేదని కేంద్రం, అడిగినా ఇవ్వలేదని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వాదించుకున్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌ ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022 నవంబర్‌ 15న, గద్వాల కళాశాల 2024లో 50 సీట్లతో రాష్ట్ర ప్రభుత్వం తరఫునే వచ్చాయి. ఏటా అనుమతి ఇచ్చేది మాత్రం కేంద్ర చట్టం కింద ఏర్పడిన జాతీయ వైద్య కమిషన్‌. కనుక అధ్యాపకుల కొరతపై కమిషన్‌ తనిఖీలో తేలినదేమిటని పార్లమెంటులోనూ అడగవచ్చు.

ఏది ఎక్కడ అడగాలి?

గద్వాల ఆసుపత్రిలో ఖాళీ పోస్టులు ఎందుకు నింపలేదని కేంద్ర మంత్రిని అడిగితే రాష్ట్ర అంశమన్న వాక్యమే తిరిగివస్తుంది. దానికి శాసనసభే సరైన చోటు. నెట్‌వర్క్‌ ఆసుపత్రులకు ఆరోగ్యశ్రీ బకాయిలు, మందుల కొరత కూడా అంతే. 60:40 నిష్పత్తిలో కేంద్ర, రాష్ట్రాలు భరించే జాతీయ ఆరోగ్య మిషన్‌ నుండి జిల్లాకు ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది, వినియోగ పత్రాలు అందాయా అని అడిగితే కేంద్రం పట్టిక ఇవ్వవలసి ఉంటుంది. మైదానంలో 5 వేల మందికి ఒక ఉపకేంద్రం ఉండాలి, గిరిజన ప్రాంతంలో 3 వేల మందికే ఒకటి ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఈ సంఖ్యలు 30 వేలు, 20 వేలు. అమ్రాబాద్‌, పదర, లింగాల మండలాలలో ఈ సడలింపు ఎంతవరకు అమలయిందన్నది, 2023 నవంబర్‌ 15న ప్రారంభమైన పీఎం జన్‌మన్‌ కింద చెంచు పెంటలకు సంచార వైద్య వాహనాలు ఎన్ని రోజులకొకసారి వెళ్తున్నాయన్నది ఢిల్లీలో అడగదగిన ప్రశ్నలే.

సూటిగా అడిగితే ఫలితం ఉంటుంది. ఆశా కార్యకర్తలకు కేంద్రం ఇచ్చే నెలవారీ స్థిర ప్రోత్సాహకాన్ని 2 వేల నుండి 3,500 రూపాయలకు పెంచే నిర్ణయం 2025 మార్చిలో జరిగింది. అది ఊళ్లకు తెలిసినది జులైలో లోక్‌సభ లిఖితపూర్వక సమాధానం ద్వారానే. మంత్రి సభలో హామీ ఇస్తే దానిని మూడు నెలలలో నెరవేర్చాలి, లేదా గడువు కోరాలి. దీనిని చూసేందుకు ఉభయ సభలకూ హామీల కమిటీలు ఉన్నాయి.

ఆరోగ్య శాఖ వంతు లోక్‌సభలో శుక్రవారం, రాజ్యసభలో మంగళవారం వస్తుంది. సమాధానాలు సంసద్‌ వెబ్‌సైట్‌లో ఉచితంగా లభిస్తాయి. మంత్రిత్వ శాఖ పేరుతో వెతికి, ఫైలు చివరి పేజీలలోని రాష్ట్రాలవారీ పట్టిక చూడాలి. జిల్లాలవారీ లెక్క ప్రశ్నలో కోరితేనే వస్తుంది. ఇవన్నీ ఆంగ్లం, హిందీ భాషలలోనే ఉంటాయి, తెలుగులో ఇవ్వరు.