ఆయాసం ఛాతీలో, ఆనవాలు కాలిలో



మధుర నాయకరాజుల కాలంనాటి మన తెలుగు ఇళ్లలోనూ, కోయంబత్తూరు పల్లెల్లోనూ బాలింతను మంచం దిగనివ్వకపోవడం పెద్దవాళ్లకు గుర్తే. ఆ మంచానికీ, ఉన్నట్టుండి వచ్చే ఆయాసానికీ ఒక్కోసారి సంబంధం ఉంటుంది.

1846లో బెర్లిన్‌లో విర్షో అనే యువవైద్యుడు శవపరీక్షల్లో ఊపిరితిత్తుల ధమనిలో నెత్తురు గడ్డలు చూశాడు. అవి అక్కడ పుట్టినవి కావనీ, కాలి సిరల్లో గడ్డకట్టి, తెగి, గుండె గుండా కొట్టుకువచ్చినవనీ వాదించాడు. చిక్కేమిటంటే, స్టెతస్కోపు పెడితే ఛాతీ తరచు శుభ్రంగానే వినిపిస్తుంది. గ్యాస్ అనుకుని మాత్ర ఇచ్చి పంపేయడం తేలిక.

1960లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో బారిట్, జోర్డన్ అనే వైద్యులు ఈ జబ్బును లక్షణాలు, ఎక్స్‌రే, ఇసిజిలతోనే పోల్చుకున్నారు. గడ్డకట్టనివ్వని మందులు వాడిన 16 మందిలో ఒక్కరూ దీనితో పోలేదు. వాడని 19 మందిలో 5గురు పోయారు. స్కాన్‌లు లేని రోజుల్లో వైద్యుడి అనుమానమే అంత పని చేసింది!

తరువాత కెనడాలో వెల్స్ బృందం మార్కుల పద్ధతి తెచ్చింది. కాలు వాచి, నొక్కితే నొప్పి ఉంటే 3, వేరే జబ్బు అంతగా పొసగకపోతే 3, నాడి 100 దాటితే ఒకటిన్నర, ఇటీవల ఆపరేషనో మంచం పట్టడమో జరిగితే ఒకటిన్నర. ఇంకా కొన్ని ఉన్నాయి. మార్కులు తక్కువైతే డీ-డైమర్ రక్తపరీక్ష, ఎక్కువైతే నేరుగా సీటీ స్కాన్.

బాలింత మాట వేరు. ఈ మార్కులు ఆమెకోసం కూర్చినవి కావు. కాన్పయిన 6 వారాలలోపు ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, కాన్పు తేదీ, ఏ కాలు వాచిందీ డాక్టరుగారికి ముందుగానే చెప్పండి.