ఉప్పుగాలి ఒడ్డున పాతకారు తళుకు

పాతకారు లోపల తలుపు పిడి, అద్దం దించే హ్యాండిల్, డ్యాష్‌బోర్డు మీటర్ల చుట్టూ ఉండే వలయం తళతళలాడుతుంటే అందరూ దాన్ని క్రోమియం మెరుపు అంటారు. ఆ మెరుపులో ఎక్కువ భాగం కింద ఉన్న నికెల్‌ది. నికెల్ పొర మందం 10 నుంచి 30 మైక్రాన్లు ఉంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పైనుండే క్రోమియం సాధారణంగా అర మైక్రాను కూడా ఉండదు. నికెల్ మాసిపోకుండా, గీతలు పడకుండా కాయడం, కొంచెం నీలిజాడ తేవడం దాని పని.

అంత పల్చటి పొరకు ఓడలరేవు లాంటి చోటు గట్టి పరీక్షే. గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసే చోట, అల్లవరం మండలంలో ఉంది ఈ ఊరు. గాలిలోనే ఉప్పు ఉంటుంది. పూతలు ఎంతకాలం నిలుస్తాయో చూడటానికి ప్రయోగశాలల్లో 5 శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల వేడిలో పొగమంచులా చల్లుతారు. ఈ పరీక్షకు అమెరికాలో 1939లోనే ప్రమాణం రాశారు. సముద్రపు ఒడ్డున అదే పని నెమ్మదిగా, ఖర్చు లేకుండా జరిగిపోతుంది. కారు లోపలి భాగాలకు దీనికి తోడు చేతి చెమట ఒకటి. పిడి మీద వేళ్లు తగిలే చోటే పూత ముందు పోవడానికి కారణం అదే.

లోహానికి పైపూత వేయడం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుమెక్కుతుంది కాబట్టి లోపల తగరం పూయించేవారు. కళాయివాడు వీధిలోనే కొలిమి పెట్టి, గిన్నెను తోమి, కాల్చి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో ఒక్క ఊపున తిప్పేవాడు. కరెంటు పూత ఇంకో దారి. దీన్ని 1840లో ఇంగ్లండులో ఎల్కింగ్టన్‌లు వెండి, బంగారాలతో వ్యాపారంగా మార్చారు. తెలుగునాట ఆ విద్యకు పేరు తెచ్చింది మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడి. అక్కడి గిల్టు నగలు ఎంత పేరుపొందాయంటే, పైమెరుపు సరుకుకు ‘చిలకలపూడి బంగారం’ అనే మాటే స్థిరపడింది.

కార్లకు మొదట దక్కింది ఇత్తడి, ఆ తర్వాత నికెల్. 1869లో అమెరికాలో ఐజాక్ ఆడమ్స్ పేటెంటు తీసుకున్నాక నికెల్ పూత పరిశ్రమగా పెరిగింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరు చేయగా, ఆయన 1911లో కన్నుమూశాక హైదరాబాద్ చేరిన రోల్స్ రాయిస్ ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. అది పుట్టేనాటికి కార్లకు క్రోమియం పూత లేదు. అలాంటి కారుకు క్రోమియం వేయించి ‘పాతరూపు తెచ్చాం’ అంటే అది అబద్ధమే.

క్రోమియాన్ని రసాయనవేత్త వోక్లాన్ 1797లో సైబీరియా ఖనిజంలో గుర్తించాడు. ఎన్టీఆర్ జిల్లా కొండపల్లి కొండల్లోనూ దాని ముడిఖనిజం దొరుకుతుంది. నిలకడగా పూత వేసే పద్ధతి మాత్రం 1920ల నడుమ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫింక్ పరిశోధనతో కుదిరింది. ఆ దశాబ్దం ముగిసేలోపే అమెరికా కార్లు నికెల్ వదిలి క్రోమియం తొడుక్కున్నాయి.

మన రోడ్ల మీద ఆ తళుకును ఎక్కువకాలం మోసింది అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర మొదలై 2014 మేలో ఆగిపోయింది. ఆ తరం కార్లలో పిడుల వంటి చిన్న భాగాలను చాలావరకు జింకు మిశ్రమంతో పోతపోసేవారు. పూతలోని సన్నని రంధ్రాల గుండా ఉప్పుతడి దిగితే జింకు తెల్లపొడిగా మారి, పైపొరను బొబ్బలా లేపుతుంది. ఇనుమైతే ఎర్రతుప్పు కారుతుంది. 1960ల నుంచి ప్లాస్టిక్ వచ్చింది. దాని మీద మెరిసేది చాలాచోట్ల క్రోమియమే కాదు, శూన్యపు గదిలో ఆవిరి చేసి పట్టించిన అల్యూమినియం, దానిపై వార్నిషు.

అందుకే బాగుచేత అయస్కాంతంతో మొదలవుతుంది. అంటుకుంటే ఇనుము. అంటుకోకపోయినా చేతికి బరువుగా తగిలితే ఇత్తడో జింకో. తేలిగ్గా ఉంటే ప్లాస్టిక్. వీటిలో జింకుదే అసలు తలనొప్పి. పాత పూత తీసి, గుంటల్లోని తెల్లపొడి గీకేసి, ముందు సయనైడు తొట్టెలో పల్చగా రాగి పట్టించాలి. నేరుగా ఆమ్లపు తొట్టెలో వేస్తే భాగమే కరుగుతుంది. గుంటలను టంకంతో పూడ్చి, మళ్లీ రాగి వేసి, బఫింగ్ చక్రం మీద నున్నగా చేశాకే నికెల్. చివరన క్రోమియం తొట్టెలో ఉంచేది కొద్ది నిమిషాలే. ఫలితం ముందరి ఓపికను బట్టి ఉంటుంది. బఫింగ్ మితిమీరితే అంచులు గుండ్రమై, అచ్చుపోసిన అక్షరాలు అరిగిపోతాయి. అలా చెడగొట్టిన పిడికంటే వెలిసిన పాత పిడే నయం.

ఈ వృత్తికి చేదు పార్శ్వమూ ఉంది. తొట్టె నుంచి లేచే క్రోమిక్ ఆమ్లపు తుంపర ముక్కులోపలి గోడకు పుండ్లు పుట్టిస్తుంది, ఊపిరితిత్తుల క్యాన్సరుకు దారితీస్తుంది. అంత హానిలేని త్రిసంయోజక క్రోమియం ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. దాని రంగు కాస్త ముదురు కాబట్టి పాత భాగాల పక్కన తేడా తెలుస్తుంది.

ప్లాస్టిక్ భాగాలకు ఈ తొట్టెల పని పనికిరాదు. మళ్లీ శూన్యపు పూత వేయించాలి, లేదా వెండిరంగు పొర అంటించుకోవాలి. అమ్మోనియా కలిసిన అద్దాల ద్రవంతో తుడిస్తే పాత అల్యూమినియం పొర గుడ్డకు వచ్చేస్తుంది.

సముద్రం దగ్గర పాతకారు ఉన్నవారు లోపలి క్రోమియాన్ని వారానికోసారి మంచినీటి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక మైనం పట్టించాలి. ఇత్తడి చెంబులను తోమే చింతపండు, నిమ్మచెక్క, ఇసుకలను మాత్రం దాని దరికి రానివ్వకండి.