‘హేనస్’ అంటే ఏమిటి? అర్థం, వాడకం

ఇంగ్లీష్ పేపర్లలో, కోర్టు తీర్పుల్లో, బెయిల్ ఆర్డర్లలో ‘హేనస్ క్రైమ్’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. హేనస్ అనేది విశేషణం. అతి ఘోరమైన, తలుచుకుంటేనే అసహ్యం పుట్టించే అని అర్థం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు దీన్ని ‘హీనస్’ అని చదివేవాళ్ళూ ఉన్నారు. స్పెల్లింగ్ చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. సరైన ఉచ్చారణ హేనస్. హీనస్ అనగానే మన ‘హీనం’ గుర్తొస్తుంది కానీ, రెండింటికీ చుట్టరికం లేదు. హీనం సంస్కృతం; విడిచిపెట్టబడినది, తక్కువైనది అని దాని మూలార్థం. హేనస్ పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది, అక్కడ దాని మూలం ద్వేషం.

ఉర్దూలో దగ్గరి మాట సంగీన్. సంగ్ అంటే రాయి. సంగీన్ జుర్మ్ అంటే రాయంత బరువైన నేరం. అంటే సంగీన్ బరువును చెబితే, హేనస్ అసహ్యాన్ని చెబుతుంది. ఖరాబ్ మాత్రం ఇక్కడ సరిపోదు, పాలు కూడా ఖరాబ్ అవుతాయి కదా. ధర్మవరం చీరలో నేత తప్పు పడినా, బెంగళూరు రైలు పెనుకొండలో గంట ఆగినా హేనస్ అనరు. హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి వంటి వాటికే ఈ మాట.

అసలు జాగ్రత్త పడాల్సింది చట్టం దగ్గర. 2012 ఢిల్లీ గ్యాంగ్ రేప్ కేసులో ఒక నిందితుడు మైనర్. అతనికి పడింది 3 ఏళ్ళు స్పెషల్ హోమ్. దానిమీద వచ్చిన ఆగ్రహం తర్వాతే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చింది. ఆ చట్టంలో హేనస్ అంటే ‘చాలా ఘోరం’ అని కాదు, ఒక లెక్క: కనీస శిక్ష 7 ఏళ్ళు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న నేరం. 16 నిండి 18 నిండని పిల్లవాడి మీద అలాంటి కేసు ఉంటే, జువెనైల్ బోర్డు అతని మానసిక, శారీరక స్థితి, జరిగిన పరిస్థితులు చూసి, పెద్దవాళ్ళలా విచారించడానికి చిల్డ్రన్స్ కోర్టుకు పంపొచ్చు.

గరిష్ఠ శిక్ష ఎక్కువగా ఉండి, కనీస శిక్ష రాయని నేరాల సంగతేమిటి? 2020 జనవరిలో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: అవి హేనస్ కావు, ‘సీరియస్’ నేరాలు. అంటే హత్య హేనస్సే, హత్యాయత్నం మాత్రం మామూలుగా ఆ లెక్కలోకి రాదు. పేపర్లో హేనస్ అని రాసినంత మాత్రాన కుర్రవాడి కేసు పెద్దవాళ్ళ కోర్టుకు పోదు. ఇంట్లోవాళ్ళు వకీలును ముందుగా అడగాల్సింది ఏ సెక్షన్ పెట్టారు, దానికి కనీస శిక్ష ఎంత అనేదే.

రాజీ విషయంలోనూ ఈ మాట అడ్డం వస్తుంది. ఇరువర్గాలు కలిసిపోయినా హత్య, అత్యాచారం, దోపిడీ వంటి హేనస్ నేరాల కేసుల్ని రాజీ పేరుతో కొట్టేయకూడదని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ హేనస్‌కు 7 ఏళ్ళ లెక్క లేదు. నేరం ఎంత ఘోరమో, సమాజం మీద దాని ప్రభావం ఎంతో జడ్జి చూస్తారు.