ముఖ, కపాల పునర్నిర్మాణ శస్త్రచికిత్స

కణితిని తొలగించినపుడు ముఖము, దవడ, అంగిలి, పుర్రె భాగాలలో ఏర్పడే లోటును రోగి శరీరంలోని కణజాలంతో గాని, కృత్రిమ పదార్థాలతో గాని పూరించే చికిత్సను ముఖ, కపాల పునర్నిర్మాణ శస్త్రచికిత్స అంటారు. ఇది కేవలం అందం కోసం చేసేది కాదు. నమలడం, మింగడం, మాట్లాడడం తిరిగి సాధ్యం చేయడం, మెదడుకు రక్షణ కల్పించడం దీని ముఖ్యోద్దేశాలు.

అవసరం

భారతదేశంలో ఈ చికిత్సకు ఎక్కువగా కారణమయ్యేది నోటి కాన్సర్. పొగాకు, గుట్కా, వక్క నమలడం, పొగ త్రాగడం దీనికి ప్రధాన కారణాలు. వ్యాధి మిగలకుండా కణితితో పాటు చుట్టూ కొంత ఆరోగ్యకరమైన భాగాన్ని కూడా తొలగిస్తారు. బుగ్గకు రంధ్రం పడితే లాలాజలం కారుతుంది. అంగిలి పోతే ఆహారం ముక్కులోనికి వెళ్తుంది. పుర్రె అడుగుభాగం తెరుచుకుంటే మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకే ప్రమాదముంది.

పద్ధతులు

* ఛాతీ కండరపు ఫ్లాప్: ఛాతీ కండరాన్ని చర్మంతో సహా, రక్తనాళం తెగకుండా మెడ వరకు త్రిప్పి అమర్చుతారు. 1979లో స్టీఫెన్ అరియన్ దీనిని వివరించాడు. సూక్ష్మదర్శిని అవసరం లేకపోవడం దీని సౌలభ్యం.
* ఫ్రీ ఫ్లాప్: కణజాలాన్ని పూర్తిగా వేరుచేసి, దాని రక్తనాళాలను సూక్ష్మదర్శిని సాయంతో మెడలోని నాళాలకు కుడతారు. దవడకు కాలిలోని ఫిబ్యులా ఎముకను వాడే పద్ధతిని 1989లో డేవిడ్ హిడాల్గో వివరించాడు.
* పుర్రె పైభాగానికి టైటానియం జాలీని గాని, ఎముక సిమెంటును గాని వాడతారు.

చరిత్ర

చెంప చర్మంతో ముక్కును నిర్మించే విధానం సుశ్రుత సంహితలో ఉన్నది. నుదుటి చర్మంతో ముక్కును నిర్మించే భారతీయ పద్ధతి గురించి 1794లో లండన్ పత్రిక ఒకటి ప్రచురించింది. ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది.

నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతంలో

ఈ రెండు పట్టణాలు హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. కాన్సర్ చికిత్సకై ఇక్కడి రోగులు ఎక్కువగా హైదరాబాదుకే వెళ్తారు. అక్కడి ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి 1955లోను, బసవతారకం కాన్సర్ ఆసుపత్రి 2000లోను ప్రారంభమయ్యాయి. పేదలకు ఖర్చే పెద్ద అడ్డంకి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం తొలివిడతగా మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్ నగర్ ఒకటి. తరువాత ఇది నల్గొండతో సహా మిగిలిన జిల్లాలకు విస్తరించింది. కాన్సర్ శస్త్రచికిత్సలు కూడా దీని పరిధిలో ఉన్నాయి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఈ పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు.

చికిత్స తరువాత

ఫ్రీ ఫ్లాప్ లో రక్తప్రసరణ ఆగితే అది చచ్చిపోతుంది. కనుక మొదటి రెండు మూడు రోజులు దాని రంగును, వెచ్చదనాన్ని తరచుగా పరీక్షిస్తారు. రేడియేషన్ అవసరమైనవారికి సాధారణంగా ఆరు వారాలలోపు దానిని ప్రారంభించాలి. గాయం మానకపోతే రేడియేషన్ ఆలస్యమై, కాన్సర్ తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. అందువలన పునర్నిర్మాణం కాన్సర్ చికిత్సలో భాగమే. ఇంటికి వెళ్ళిన తరువాత నోరు తెరిచే వ్యాయామాలు, మాట, మింగుడు అభ్యాసాలు చాలాకాలం కొనసాగించాలి.

నోటిలో పుండు గాని, తెల్లని లేదా ఎర్రని మచ్చ గాని మూడు వారాలలో మానకపోతే వైద్యునికి చూపించాలి. కణితి చిన్నదిగా ఉన్నపుడే గుర్తిస్తే పెద్ద పునర్నిర్మాణం అవసరం రాకపోవచ్చు.